దేవుని చిత్తాన్ని వెదకడం: నౌపడ సీమ క్రైస్తవ జీవితం

దేవుని చిత్తాన్ని వెదకడమంటే, బతుకులో ఎదురయ్యే చిన్నా పెద్దా నిర్ణయాలను దేవుడి ముందు పెట్టి, ఆయన కోరేదేమిటో తెలుసుకుని, దాని ప్రకారం నడవాలని క్రైస్తవ విశ్వాసి చేసే ప్రయత్నం. పిల్లకు వచ్చిన సంబంధం ఒప్పుకోవాలా? కొడుకును చదువుకు విశాఖపట్నం పంపాలా? పనికి హైదరాబాదు వలసపోవాలా, ఉన్న ఊళ్లోనే సర్దుకోవాలా? డాక్టరు చెప్పిన ఆపరేషన్ చేయించుకోవాలా? ఇలాంటివన్నీ దీని కిందికే వస్తాయి. ప్రొటెస్టెంటు ఇళ్లలో ‘దేవుని చిత్తం’, ‘ప్రభువు చిత్తం’ అంటారు. కతోలికులు ఎక్కువగా ‘దైవ చిత్తం’ అంటారు.

ఇది ప్రపంచంలోని క్రైస్తవులందరికీ ఉన్న విషయమే. అయినా ఏ సీమలోనైనా అక్కడి భాష, అక్కడి కష్టసుఖాలు దానికి తమ రంగునిస్తాయి. ఈ వ్యాసం శ్రీకాకుళం జిల్లా నౌపడను నడుమ పెట్టుకుని చుట్టూ చూస్తుంది. హౌరా–చెన్నై రైలు మార్గంలో ఉన్న ఈ జంక్షన్ ఊరికి ఉప్పు మడులే గుర్తు. 1900లో ఇక్కడి నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేశారు, 1931లో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. ఆ దారిలో ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో తొలితరం తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి పుట్టారు. ఇటు శ్రీకాకుళం, టెక్కలి, సోంపేటల్లో కెనడా బాప్టిస్టులు పనిచేశారు. పడమర కొండల వైపు పార్వతీపురం, సాలూరుల్లో జర్మను లూథరన్లు ఉన్నారు. 1876లో జర్మనీలోని బ్రెక్లుంలో పుట్టిన సంఘం పంపినవారు వాళ్లు. కతోలికులకు 1993 నుంచి శ్రీకాకుళం సొంత మేత్రాసనం. ఇంత చిన్న చుట్టుకొలతలో ఇన్ని సంప్రదాయాలుండటం వల్ల, దేవుడి ఇష్టం తెలుసుకునే పద్ధతులు కూడా ఇక్కడ ఒకదానిపక్కన ఒకటి కనిపిస్తాయి.

చిత్తం, కనిపెట్టడం, సమాధానం

ముందు మాటల సంగతి చూడాలి, ఎందుకంటే సగం వేదాంతం వాటిలోనే ఉంది.

సంస్కృతంలో చిత్తమంటే మనసు. తెలుగులో ఆ మాటకు ఇంకో బతుకుంది. జమీందారీ కొలువులో దొర ఒక మాట సెలవిస్తే, కింద నిలబడినవాడు చేతులు కట్టుకుని ‘చిత్తం’ అనేవాడు. మీ మనసెలా ఉంటే అలాగే అన్నది దాని అర్థం. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి సంస్థానాల నీడలో పెరిగిన ఈ సీమ జనానికి ఆ మాట చెవికి కొత్త కాదు. కాబట్టి తెలుగులో ‘దేవుని చిత్తం’ అన్నప్పుడు పైవాడి ఇష్టంతో పాటు కిందివాడి ఒప్పుకోలు కూడా అందులోనే వినిపిస్తుంది. చిత్తమేదో తెలిశాక ‘చిత్తం’ అనకుండా ఉండటానికి తెలుగు భాషే చోటివ్వదు. ఈ విషయంలో నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే: ఇక్కడి విశ్వాసులు దేవుడి చిత్తాన్ని దాచిపెట్టిన రహస్యంలా కంటే, తలవంచి అందుకోవలసిన మాటలా వెదికినప్పుడే ఆ వెదుకులాట నిలకడగా సాగింది.

గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనను తెలుగు బైబిలు మత్తయి సువార్త 26వ అధ్యాయంలో ఎలా చెప్పిందో గమనిస్తే ఇది మరీ స్పష్టమవుతుంది. మూలంలో రెండువైపులా ఒకే క్రియ ఉంటే, తెలుగువారు కుమారుడి వైపు ‘ఇష్టం’ అన్నారు, తండ్రి వైపు ‘చిత్తం’ అన్నారు. ఇష్టం వదులుకోదగ్గది, చిత్తం శిరసావహించదగ్గది. అనువాదకులు ఒక్క మాట మార్చి ఎంత లోతు చూపించారో!

రెండో మాట ‘కనిపెట్టడం’. బయట ఈ మాటకు కొత్తది కనుక్కోవడం అనో, పసిగట్టడం అనో అర్థం. బైబిలు తెలుగులో మాత్రం దేవుడి కోసం ఓపికగా ఎదురుచూడటమని. కీర్తనల గ్రంథం పొడుగునా ఈ వాడుక ఉంది. ‘నెల రోజులుగా కనిపెడుతున్నామండి’ అని ఒక తల్లి చెప్పిందంటే, పిల్ల సంబంధం గురించి నెలనాళ్లుగా ప్రార్థన చేసుకుంటూ తొందరపడకుండా చూస్తున్నామని అర్థం. ఎదురుచూపూ కనుగొనడమూ ఈ భాషలో ఒకే మాట.

మూడోది ‘సమాధానం’. బడిలో, కోర్టులో సమాధానమంటే ప్రశ్నకు జవాబు. తెలుగు బైబిలులో అది శాంతి. అందుకే ప్రార్థన చేసి వచ్చినవాడు ‘నాకు సమాధానం ఉంది’ అన్నప్పుడు జవాబు దొరికిందంటున్నాడా, మనసు నెమ్మదించిందంటున్నాడా అని విడదీయలేం. చాలామందికి నెమ్మదే జవాబు. ఫిలిప్పీయులకు, కొలొస్సయులకు పౌలు రాసిన పత్రికల్లో దేవుడిచ్చే శాంతి హృదయాన్ని కాస్తుంది, ఏలుతుంది అన్న బోధ ఉంది. తెలుగు చదువరి చెవికి అది ఇంకో అర్థాన్ని కూడా మోసుకొస్తుంది. ఇందులో ప్రమాదమూ లేకపోలేదు. ఇష్టమైన పని చేయాలనుకున్నప్పుడు కూడా మనసు నెమ్మదిగానే ఉంటుంది కదా!

ఇవి కాక ‘నడిపింపు’, ‘ప్రేరేపణ’, ‘భారం కలిగింది’, ‘వాక్యం ఇచ్చాడు’, ‘తలుపు తెరిచాడు’, ‘తలుపు మూసేశాడు’ అన్నవి రోజూ వినబడే మాటలు. ‘ప్రార్థన చేసి చెబుతాం’ అన్నది ఒక్కోసారి నిజంగానే ప్రార్థన, ఒక్కోసారి మర్యాదగా వాయిదా. సంబంధాలు మాట్లాడేవారికి ఈ రెంటికీ తేడా గొంతులోనే తెలిసిపోతుంది.

గ్రంథంలో ఉన్న దారులు

బైబిలు ఈ విషయంలో ఒకే పద్ధతి చెప్పదు. ఇశ్రాయేలు యాజకుడి వక్షపతకంలో ఊరీము, తుమ్మీము ఉండేవి. అబ్రాహాము సేవకుడు బావి దగ్గర నిలబడి, ఒంటెలకు కూడా నీళ్లు తోడే పిల్లే ఇస్సాకుకు తగినదని గుర్తు పెట్టుకున్నాడు. గిద్యోను గొర్రెబొచ్చు నేలమీద పరిచి మంచు గుర్తు అడిగాడు, మరునాడు అదే గుర్తు తిరగేసి అడిగాడు. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి అపొస్తలులు చీట్లు వేశారు. పరిశుద్ధాత్మ దిగివచ్చాక మాత్రం కొత్త నిబంధనలో చీట్ల ప్రస్తావన లేదు. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయంలో యెరూషలేము సభ వాదించుకుని, విని, ఒక ఒప్పందానికి వచ్చింది. 16వ అధ్యాయంలో పౌలుకు ఆసియా దారి మూసుకుంది, బితూనియ దారి మూసుకుంది, రాత్రి దర్శనంలో మాసిదోనియ దారి తెరుచుకుంది.

వీటికి సమాంతరంగా ఇంకో పాయ ఉంది. ధర్మశాస్త్రం, ప్రవక్తలు, పత్రికలు దేవుడి చిత్తం ఇదేనని సూటిగా చెప్పిన చోట్లు అవి. న్యాయం చేయమని మీకా, పవిత్రంగా బతకమని, అన్నింటిలో కృతజ్ఞత చూపమని థెస్సలొనీకయ పత్రిక చెబుతాయి. వీటికి కనిపెట్టడం అక్కర్లేదు, చేయడమే మిగిలింది. పెద్ద జీతం ఉద్యోగానికి ఉపవాసముండి దేవుడి చిత్తం అడిగినవాడు, కూలివాడికి ఇవ్వాల్సిన కూలి ఇవ్వడానికి ఎవరినీ అడగనక్కరలేదు. పాత తరం పాస్టర్లు ఈ మాట గట్టిగా చెప్పేవారు. ఇప్పుడు ప్రసంగాల్లో ఇది తగ్గింది, మళ్లీ వినబడాలి.

యాకోబు పత్రిక 4వ అధ్యాయం వ్యాపారులను హెచ్చరిస్తుంది: రేపు ఫలానా ఊరు వెళ్తాం, ఏడాది ఉంటాం, లాభం తీస్తాం అనకండి, ప్రభువు చిత్తమైతే అనండి అని. ఉత్తరాంధ్ర క్రైస్తవుల నోట ‘ప్రభువు చిత్తమైతే పండక్కి వస్తాం’ అన్న పలుకుబడి అక్కడి నుంచి వచ్చిందే.

సోది మానినవాడు ఏం చేయాలి

ఈ వెదుకులాట ఇక్కడ ఇంత బలంగా ఎందుకు వేళ్లూనుకుందో తెలియాలంటే, క్రైస్తవంలోకి వచ్చినవారు ఏం వదిలేసి వచ్చారో చూడాలి. సోదెమ్మ బియ్యపు గింజలు చూసి చెప్పే జోస్యం, సిద్ధాంతి పంచాంగం, పెళ్లికి జాతకాల పొంతన, బయల్దేరేటప్పుడు శకునం, పునాదికి ముహూర్తం – పల్లె జీవితంలో నిర్ణయాలకు ఇవే ఆసరా. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం సోదెనూ శకునాన్నీ నిషేధించింది. మిషనరీలు బాప్తిస్మానికి ముందే ఈ సంగతి గట్టిగా చెప్పేవారు. ఆసరా పోయింది, నిర్ణయం మాత్రం అలాగే ఉంది. ఆడపిల్ల పెళ్లి ఆగదు, వానాకాలం ఆగదు. ఆ ఖాళీలోకి ప్రార్థన వచ్చింది, వాక్యం వచ్చింది, సంఘం వచ్చింది.

పాత అలవాట్లు ఒక్కరోజులో పోవు. బైబిలును కళ్లు మూసుకుని తెరిచి వేలు పడిన వచనాన్నే జవాబుగా తీసుకోవడం, ‘అవును’, ‘కాదు’ అని రెండు చీటీలు రాసి చిన్నపిల్లాడి చేత తీయించడం చాలా ఇళ్లలో ఉంది. వెనక్కి చూస్తే క్రైస్తవ చరిత్రలోనూ ఇది ఉంది. 386లో మిలాను తోటలో అగస్తీను పుస్తకం తెరవగానే రోమా పత్రికలోని మాట కంటబడి జీవితం మారింది. జర్మనీలోని హెర్న్‌హూట్ మొరేవియన్లు ఒకనాడు పెళ్లిళ్లకు కూడా చీట్లు వేసేవారు. 1731 నుంచి ఏటా వాళ్లు అచ్చువేస్తున్న దినవచనాలు ఇప్పటికీ చీట్ల ద్వారా ఎంచినవే. కాబట్టి మన పల్లెవాళ్లను చూసి మూఢనమ్మకమని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అడగాలన్న ఆరాటం మంచిదే, పద్ధతికి పెద్దల చేయి తోడు కావాలి.

సయాం దారి శ్రీకాకుళానికి తిరిగిన వైనం

దేవుడి చిత్తం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు ఈ సీమ చరిత్రే ఒక పెద్ద ఉదాహరణ. కెనడా తూర్పు తీరాన నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతాల బాప్టిస్టులు 1873లో ఏడుగురిని సముద్రం మీద పంపారు. రూఫస్ శాన్‌ఫర్డ్ దంపతులు, జార్జ్ చర్చిల్, మటిల్డా చర్చిల్ దంపతులు, డబ్ల్యూ.ఎఫ్. ఆర్మ్‌స్ట్రాంగ్, ఇంకా ఇద్దరు అవివాహిత స్త్రీలు ఆ గుంపులో ఉన్నారు. వాళ్లకంటే ముందే 1870లో హన్నా మరియా నోరిస్ బర్మాకు వెళ్లి కరెన్ తెగలవారి మధ్య పని మొదలుపెట్టింది. బయల్దేరేముందు స్వదేశంలో ఊరూరా స్త్రీల మిషను సంఘాలు పెట్టి, పిడికెడు పిడికెడు డబ్బు కూడగట్టిన మనిషి ఆమె. ఆ ఏడుగురినీ పంపినది సయాం (నేటి థాయిలాండ్) దేశానికి. అక్కడి కరెన్‌ల మధ్య పనిచేయాలని దేవుడు పిలిచాడని అందరూ నమ్మారు. ఇంటిదగ్గర ప్రార్థనలు జరిగాయి, కానుకలు వచ్చాయి, ఓడలెక్కారు.

సయాం అడవుల్లో నెలల తరబడి తిరిగి చూస్తే, అనుకున్నంతమంది కరెన్‌లు అక్కడ లేరు. ఒక మిషను నిలబెట్టేంత జనం లేదు. దేవుడు పిలిచాడని వచ్చిన చోట పని లేదు. ఏమనుకోవాలి? పిలుపు తప్పా, తిరుగు ఓడ ఎక్కాలా?

అదే సమయంలో బంగాళాఖాతానికి ఇటు పక్కన కాకినాడలో జాన్ మెక్‌లారిన్ అనే ఇంకో కెనడా బాప్టిస్టు 1874 నుంచి పనిచేస్తున్నాడు. అంతకుముందే తెలుగు క్రైస్తవుడు థామస్ గాబ్రియేలు నాటిన పనిని ఆయన అందుకున్నాడు. కాకినాడకు ఉత్తరాన విశాఖ నుంచి గంజాం దాకా తెలుగు తీరమంతా పనివారి కోసం చూస్తోంది. ఉత్తరాలు నడిచాయి. స్వదేశపు బోర్డు కూర్చుని ఆలోచించింది. 1875లో ఆ బృందం సయాం వదిలి తెలుగు నేలకు వచ్చింది. కాకినాడలో భాష నేర్చుకుని, భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి పంచుకున్నారు. చర్చిల్ దంపతులు 1879లో బొబ్బిలి చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. తరువాతి కాలంలో ఆ పని పాలకొండ, పర్లాకిమిడి, టెక్కలి, సోంపేటల దాకా పాకింది. నేటి ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాల సమాఖ్య, అందరూ పిలిచే సి.బి.సి.ఎన్.సి., ఆ వేరునుంచే వచ్చింది.

ఈ కథను పల్పిట్ల మీద ‘దేవుడు తలుపు మూసి తలుపు తెరిచాడు’ అని రెండు ముక్కల్లో చెప్పేస్తారు. నాకు అందులో నచ్చేది మధ్యనున్న రెండేళ్లు. ఆ రెండేళ్లలో ఏ దర్శనమూ పని తేల్చలేదు. కాళ్లరిగేలా తిరిగి జనాభా చూశారు, తప్పు జరిగిందని ఒప్పుకున్నారు, ఇంకొకరి ఉత్తరాన్ని చదివారు, దూరాన ఉన్న పెద్దల నిర్ణయానికి తలవంచారు. ప్రార్థన మానకుండానే ఇదంతా చేశారు. సయాం వెళ్లకపోతే శ్రీకాకుళం దారి వాళ్లకు కనబడేదా? ఎవరూ చెప్పలేరు. శ్రీకాకుళంలో దిగిన రోజున కూడా ఇదే గమ్యమని వాళ్లకు పూర్తి నిశ్చయం ఉందని అనుకోనక్కర లేదు. ఒక అడుగు వేయడానికి సరిపడా వెలుగు దొరికింది, వేశారు.

వాళ్లకంటే ముందే ఇక్కడ విత్తనం పడింది. లండను మిషనరీ సొసైటీ తరఫున 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి, ఆనందరాయరు సాయంతో సువార్తల్ని తెలుగు చేశారు. 1812లో సేరంపూరులో మూడు సువార్తలు అచ్చయ్యాయి. 1818లో ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన వచ్చింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) చదువుకున్న బ్రాహ్మణుడు. ఆయన చేతికి దేవుడి పిలుపు అచ్చుకాగితం రూపంలో అందింది. శ్రీకాకుళంలోని ఒక క్రైస్తవ మహిళ పరిచయం తోడై, 1833లో బాప్తిస్మం పొందారు. కులం, బంధువర్గం దూరమైనా వెనక్కి తగ్గలేదు. ఆయన రాసిన కీర్తనలు నూరుకు పైగా ఉన్నాయి. ఏ శాఖవారైనా వాటిని పాడతారు. నౌపడ–పర్లాకిమిడి రైలు పడేనాటికి ఆయన పోయి పదేళ్లైంది. ఆ రోజుల్లో ఈ దారంతా కాలినడకనో ఎడ్లబండిలోనో తిరిగినవాళ్లే సువార్త చెప్పారు.

దేవుణ్ణి అడగమన్నవాళ్లు

తెలుగు నేలపై దేవుడి చిత్తం గురించి గట్టిగా బోధించిన ఇద్దరి ప్రభావం ఉత్తరాంధ్ర దాకా పాకింది.

ముంగమూరి దేవదాసు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను ప్రారంభించారు. లూథరన్ కుటుంబంలో పుట్టి లూథరన్ సంస్థల్లో బోధించిన ఆయన, ఏ సందేహమైనా దేవుణ్ణే అడిగి తెలుసుకోమని బోధించారు. మాట తక్కువ, మౌనం ఎక్కువగా ఉండే సన్నిధి కూటాలు, కనిపెట్టు ప్రార్థనలు ఆ సంప్రదాయపు సొత్తు. గది తలుపు మూసుకుని, కళ్లు మూసుకుని, అడిగినదానికి జవాబు కోసం నిశ్శబ్దంగా కూర్చునే అలవాటును ఆయన వేలాదిమంది మామూలు మనుషులకు నేర్పారు. కలలకు, దర్శనాలకు అక్కడ చోటు ఎక్కువ. మిగతా సంఘాలవాళ్లు దీన్ని ప్రశ్నించారు, ప్రశ్నిస్తూనే ఆ పద్ధతిని కొంత తీసుకున్నారు కూడా.

భక్తసింగ్ (1903–2000) పంజాబు సిక్కు. ఇంజనీరింగు చదువుకు కెనడా వెళ్లి, అక్కడ క్రైస్తవుడై, 1933లో దేశానికి తిరిగివచ్చారు. 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద కొందరితో కలిసి ఒక రాత్రంతా ప్రార్థించి, కొత్త సంఘం మొదలుపెట్టాలన్న నిశ్చయానికి వచ్చారు. హైదరాబాదులోని హెబ్రోను తరువాత ఆయన ఉద్యమానికి కేంద్రమైంది. ఏ ఊరు వెళ్లాలి, ఏ రోజు వెళ్లాలి అన్నది కూడా మోకాళ్ల మీద అడిగి తేల్చుకున్న మనిషిగా ఆయనకు పేరు.

ఈ ధోరణికి ఇంగ్లండులోనూ ఒక ఊట ఉంది. బ్రిస్టలులో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్ (1805–1898) ఏ మనిషి ముందూ చేయి చాచకుండా దేవుణ్ణే అడిగి వేలమంది పిల్లల్ని పెంచారు. దేవుడి చిత్తం తెలుసుకోవడానికి ఆయన పాటించిన క్రమంలో మొదటి మెట్టు, ఆ విషయంలో తన హృదయానికి సొంత ఇష్టమేదీ లేకుండా చేసుకోవడం. ఆయన బావమరిది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ పిలుపు మీదే విలియం బౌడెన్, జార్జ్ బీర్ 1836లో తెలుగు తీరానికి వచ్చి గోదావరి డెల్టాలో పనిచేశారు. జీతం లేని విశ్వాస సేవ అన్న భావం తెలుగు నేలకు అలా వచ్చింది.

కతోలికుల దారి వేరు, గమ్యం ఒకటే. విశాఖ కతోలిక మిషనును 1846 నుంచి నడిపినవారు అనెసీ నుంచి వచ్చిన సలేసు ఫ్రాన్సిస్ మిషనరీలు. పునీత సలేసు ఫ్రాన్సిస్ 1616లో దైవప్రేమ గురించి రాసిన పెద్ద గ్రంథంలో దేవుడి చిత్తాన్ని రెండుగా చూపాడు. ఆజ్ఞల ద్వారా, శ్రీసభ బోధ ద్వారా మనకు తెలియజెప్పిన చిత్తం ఒకటి, జరిగిన సంఘటనల ద్వారా మాత్రమే తెలిసేది ఇంకొకటి. మొదటిదానికి విధేయత, రెండోదానికి సమర్పణ కావాలన్నాడు. 1609లో రాసిన ఇంకో పుస్తకంలో భక్తి మఠాల్లో ఉన్నవారికే కాదు, అంగడి పెట్టుకున్నవాడికీ, సంసారం ఈదే ఇల్లాలికీ అని చెప్పాడు. ఇగ్నేషియస్ లొయోలా 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచాన పడి, ఏ తలపు మనసుకు నిలిచే ఆనందమిస్తుందో, ఏది తరువాత చేదు మిగులుస్తుందో గమనించడం మొదలుపెట్టాడు. కతోలిక గురువులు ఏకాంత ధ్యానాల్లో నేర్పే వివేచన అక్కడి నుంచి వచ్చినదే.

తుఫాను రాత్రి అడిగే ప్రశ్న

ఏ సంబంధం, ఏ ఉద్యోగం అన్న ప్రశ్నల కంటే కష్టమైనది ఇంకొకటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస పక్కన తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. ముప్పై నలభై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. అది దేవుడి చిత్తమా? ఉద్దానంలో ఇంటింటికీ పాకిన కిడ్నీ జబ్బు దేవుడి చిత్తమా?

లెస్లీ వెదర్‌హెడ్ అనే మెథడిస్టు బోధకుడు యువకుడిగా మద్రాసులో పనిచేశాడు. 1944లో, యుద్ధం మధ్యలో, లండనులో దేవుడి చిత్తం మీద చిన్న పుస్తకం తెచ్చాడు. అందులో భారతదేశంలోని ఒక మిత్రుడి కథ ఉంది. కలరాతో కొడుకు పోతే ఆ తండ్రి, దేవుడి చిత్తమని సరిపెట్టుకోబోయాడు. ఎవడైనా రాత్రివేళ వచ్చి మీ కూతురి నోటికి కలరా పూసిన గుడ్డ పెడితే ఏం చేస్తారని వెదర్‌హెడ్ అడిగాడు. వాణ్ణి బతకనివ్వనన్నాడు తండ్రి. మరి దేవుడు చేశాడంటున్నది అదే కదా అన్నాడు బోధకుడు. దేవుడి మొదటి ఉద్దేశం వేరు, చెడిపోయిన పరిస్థితుల్లో ఆయన కోరేది వేరు, ఆఖరుకు ఆయన సాధించేది వేరు అని ఆయన విడదీశాడు. తెలుగు బోధకులు ‘పరిపూర్ణ చిత్తం’, ‘అనుమతించే చిత్తం’ అని దాదాపు ఇదే చెబుతారు. బిడ్డ పోయిన ఇంట్లో మొదటి రోజే ఈ తేడాలు బోధించకూడదు. పక్కన కూర్చుని ఏడవడమే ఆనాటికి చాలు.

సోంపేట మిషను ఆసుపత్రి ఈ ప్రశ్నకు చేతలతో జవాబిచ్చింది. కెనడా బాప్టిస్టు వైద్యుడు బెన్ గలిసన్ అక్కడ శుక్లాలు తీసి చూపు తెచ్చే పనికి జీవితం ధారపోశారు. ఆయన పనికి తోడుగా కెనడాలోని కాల్గరీలో 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థ పుట్టింది. జబ్బును దేవుడి చిత్తమని ఊరుకోకుండా, నయం చేయడమే ఆయన చిత్తమని నమ్మిన మనుషులు వీళ్లు. మందు మానేసి ప్రార్థనే చేయమని చెప్పే బోధ వినబడినప్పుడల్లా ఈ సీమ క్రైస్తవులు సోంపేటను గుర్తు చేసుకోవాలి.

ఇళ్లల్లో జరిగేది

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, పన్నెండు దాటగానే, బల్ల మీద పళ్లెంలో వాగ్దాన కార్డులు బోర్లించి ఉంటాయి. ముందు పెద్దలు, తరువాత పిల్లలు వరసలో వచ్చి ఒక్కొక్కటి తీసుకుంటారు. ట్యూబులైటు కింద ఆగి చదువుకుంటారు, పక్కవాళ్లకు చూపిస్తారు. ఇంటికెళ్లి గడప పైన అతికించుకుంటారు. ఏడాది పొడుగునా ఆ వచనం ఆ ఇంటిదే. జూన్‌లో ఉద్యోగం పోయినప్పుడు ఇల్లాలు దాని వైపు చూస్తుంది. చీటీ తీయడమే కదా అని కొందరు పాస్టర్లు దీన్ని ఒప్పుకోరు. కాని వాక్యాన్ని ఏడాది పాటు కళ్లముందు ఉంచుకున్న ఇల్లు దానివల్ల చెడిపోయినట్టు నేనెక్కడా చూడలేదు.

పెళ్లి విషయంలో ఒత్తిడి ఎక్కువ. తల్లిదండ్రులు ఉపవాసముంటారు, పాస్టరుగారి సలహా అడుగుతారు, పిల్లవాడి సంఘంలో విచారిస్తారు. మంచి ఇళ్లలో పిల్లను కూడా అడిగి, ఆమెకు సమాధానం లేకపోతే మానేస్తారు. కొన్ని ఇళ్లలో ‘దేవుడు నాకు చూపించాడు’ అన్న మాటతో ఆమె నోరు మూయిస్తారు. ఇది పాపం. దేవుడు ఒక మనిషికి చూపించింది ఇంకొకరి మెడకు తాడు కాకూడదు. మా బంధువుల ఇంట్లో ఒక ప్రవచనం పేరు చెప్పి చేసిన పెళ్లి రెండేళ్లలో తెగిపోయింది. ప్రవచనం చెప్పినాయన తరువాత కనబడలేదు, ఆ అమ్మాయి కన్నీళ్లు మాత్రం మేమంతా చూశాం.

బాప్టిస్టు సంఘాల్లో దీనికి మంచి అడ్డుకట్ట ఉంది. ఒకరి దర్శనం అందరి నిర్ణయం కాదు. సంఘ కూటంలో విషయం పెట్టి, ప్రార్థన చేసి, సభ్యులు ఓటేస్తారు. కూటాల్లో గొడవలూ జరుగుతాయి, కులాల లెక్కలూ దూరుతాయి. అయినా నలుగురి ముందు పెట్టి చూసుకోమన్న ఆ సూత్రం విలువైనది.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇదే చర్చ నడిచింది. ప్రతి మనిషికీ ప్రతి చిన్న విషయంలోనూ దేవుడు ఒకే ఒక బిందువు గుర్తుపెట్టి ఉంచాడని, అది తప్పితే జీవితమంతా రెండో రకమేనని భయపడే భక్తిని గ్యారీ ఫ్రీసెన్ 1980లో రాసిన పుస్తకం ప్రశ్నించింది. బైబిలు చెప్పిన చోట విధేయత, చెప్పని చోట స్వేచ్ఛ, స్వేచ్ఛలో జ్ఞానం అన్నది ఆయన వాదం. జె.ఐ. పాకర్ 1973 నాటి తన పుస్తకంలో మనసులో కలిగే భావాల్నే నడిపింపుగా ఎంచడాన్ని హెచ్చరించారు. మన వలసకూలి కుటుంబాలకు ఈ బోధ ఊరటనిస్తుంది. చెన్నై వెళ్లినా, ఊళ్లో ఉన్నా, న్యాయంగా బతికితే దేవుడు రెండు చోట్లా ఉన్నాడు. ఏ బస్సు ఎక్కాలో తెలియక తెల్లార్లు నిద్రపట్టని తండ్రికి ఈ మాట చెప్పాలి.

నౌపడలో ఈ విషయమంతా ఒక్క సాయంత్రం ప్రార్థన కూటంలో కనబడుతుంది. ఉప్పు మడుల పని చలికాలం చివర మొదలై వానలు పడేదాకా సాగుతుంది. ఉప్పునీటిని ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మళ్లించి, ఎండకు చిక్కబరిచి, తెల్లగా గట్టిపడ్డాక పొడవాటి కర్ర పలకలతో లాగి గట్టుమీద రాశులు పోస్తారు. ఒక్క వాన చాలు, వారం కష్టం కరిగిపోవడానికి. మే నెల చివర కూటంలో ప్రార్థన మనవులు అడిగితే, మడుల్లో పనిచేసే ఆవిడ ఇంకో పది రోజులు వాన లేకుండా ప్రార్థించమంటుంది. ఆమె పక్కనే కూర్చున్న రైతు, ఆకుమడి పోసుకోవాలి, వాన పడేలా ప్రార్థించమంటాడు. పాస్టరు రెండూ కాగితం మీద రాసుకుంటాడు. ప్రార్థనలో రెండూ చెబుతాడు, ఒకదాన్ని తగ్గించడు. చివర నీ చిత్తమే కానిమ్మంటాడు. అందరూ ఆమేన్ అంటారు. రైతు ఆవిడ కొడుకుని తన సైకిలు మీద ఇంటిదగ్గర దింపుతాడు. తెల్లవారకముందే ఆవిడ మడి గట్టుకు చేరి, మబ్బు వైపు ఒకసారి చూసి, ఉప్పు రాశి మీద తాటాకులు పరచడం మొదలుపెడుతుంది.